బొమ్మల వెనక మాటలు

మా ఆఫీసులో నా పనేమిటో నాకూ నా కంప్యూటరుకూ తప్ప ఎవరికీ తెలియదు. కంప్యూటరుకు తెలుసన్నది కూడా నేను అనుకోవడమే.

మాది గృహ వసతి కార్యాలయం. పాత క్వార్టర్లు కూలగొట్టి, అందులో ఉన్నవాళ్ళను కొత్త భవనాల్లోకి మారుస్తాం. నోటీసులు, ఫారాలు, రంగుల పుస్తకాలు అన్నీ వెబ్‌సైట్లో పెడతాం. పెట్టే ముందు ప్రతి ఫైలూ నా బల్ల మీదుగా పోవాలి. కళ్ళు కనిపించనివాళ్ళు కంప్యూటర్లో, ఫోన్లో స్క్రీన్ రీడర్ అనేది వాడతారు. తెర మీద ఉన్నదాన్ని అది పైకి చదివి వినిపిస్తుంది. అయితే ఏది శీర్షికో, ఏది పట్టికో, బొమ్మలో ఏముందో ఎవరో ఒకరు ఫైల్లో ముందే గుర్తుపెట్టి ఉంచాలి. ఆ ఎవరో ఒకరు నేనే. బొమ్మ వెనక నాలుగు మాటలు రాసి దాచడం కూడా అందులో భాగం. చూసేవాళ్ళకు ఆ మాటలు కనిపించవు. వినేవాళ్ళకే వినిపిస్తాయి. అందుకే ఆఫీసులో నన్ను బొమ్మలాయన అంటారు. నేను బొమ్మలు వేస్తానని సగం మంది అనుకుంటారు. వాళ్ళ పిల్లల స్కూలు చార్టులు తెచ్చి నా బల్ల మీద పెట్టి పోతారు.

ఇంట్లో అక్క మాత్రం బంధువులందరికీ "మా తమ్ముడు సాఫ్ట్‌వేర్" అని చెబుతుంది. ఒకసారి సరిదిద్దబోతే "నోరు మూసుకో, సంబంధాలు వచ్చే టైము" అంది. అప్పుడు నాకు నలభై మూడు. ఇప్పుడు నలభై ఆరు. ఆ టైము ఇంకా నడుస్తూనే ఉంది.

అక్కా వాళ్ళింట్లో మేం నలుగురం. నేను పై గదిలో, అక్కా బావా కింద, మేనకోడలు ఇయర్‌ఫోన్లలో. సోఫాకు వేసిన ప్లాస్టిక్ కవరును బావ తొమ్మిదేళ్ళుగా తీయలేదు, ఎవరైనా వచ్చినప్పుడు తీద్దామని. ఎవరైనా వస్తే దాని మీద ఇంకో దుప్పటి వేస్తాడు. మా నలుగురికీ ఫోన్లో "మన కుటుంబం" అని ఒక గ్రూపు ఉంది. వంట కాగానే అక్క అందులో "భోజనం" అని పెడుతుంది. బావ బొటనవేలు పెడతాడు. నేను మెట్లు దిగేసరికి వాళ్ళు తినేసి లేచి ఉంటారు, నా కంచం మీద మూత ఉంటుంది. గ్రూపు లేని రోజుల్లో కనీసం కేకేసి పిలిచేవాళ్ళు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన తప్పుకు ఇదే కారణమని కమిటీ ముందు చెప్పలేకపోయాను.

ఫైలు పూర్తయ్యాక ఒక తనిఖీ ప్రోగ్రాం నడుపుతాం. బొమ్మ వెనక మాటలు ఉన్నాయా లేవా అన్నంతవరకే అది చూస్తుంది. ఏం మాటలో చూడదు. ఉంటే పచ్చ టిక్కు పెడుతుంది. పై అధికారులు ఆ టిక్కు చూస్తారు. టిక్కు వెనక్కి ఎవరూ వెళ్ళరు. మూడేళ్ళ కిందట ఒక ప్రారంభోత్సవం ఫోటో వచ్చింది. "పెద్ద అధికారి రిబ్బను కత్తిరిస్తున్నారు. వెనక పదకొండు మంది చప్పట్లు కొడుతున్నారు" అని రాశాను. పన్నెండో మనిషి మిగిలిపోయాడు. "పన్నెండో ఆయన ఫోను చూసుకుంటున్నాడు. ఆ గుంపులో సుఖంగా ఉన్నది ఆయనొక్కడే" అని చేర్చాను. పచ్చ టిక్కు వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు ఇంకో బొమ్మకు ఇంకో వాక్యం రాశాను.

ఆ తర్వాత అది అలవాటైంది. కొందరు డైరీ రాస్తారు. నేను మూడు పడక గదుల నమూనా ఇంటి బొమ్మ వెనక రాసేవాణ్ణి. చదివేవాళ్ళు ఎక్కడో ఒకరిద్దరు ఉంటారు, ఉన్నా నేనెవరో వాళ్ళకు తెలియదు. మూడేళ్ళు ఒక్క జవాబు రాలేదు. నా బల్ల మీద ఫోను ఉంది కానీ ఎవరూ చేయరు కాబట్టి దాని మీద చేతిగుడ్డ ఆరేసుకునేవాణ్ణి.

ఒక మంగళవారం ఆ గుడ్డ కింద ఫోను మోగింది.

"కొత్త క్వార్టర్ల పుస్తకంలో బొమ్మల గురించి రాసింది మీరేనా?" ఒక పెద్దావిడ గొంతు. ప్రతి అక్షరం కడిగి పెట్టినట్టుంది.

"నేనేనండీ."

"అమ్మయ్య, దొరికారు! పొద్దున్నుంచి ఏడుగురి చేతులు మారాను. ముప్పై ఒక్కేళ్ళు టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటర్ని నేను. నా హయాంలో అయితే ఇట్లా తిప్పినవాణ్ణి నిలబెట్టి దులిపేసేదాన్ని. సరే గానీ, బొమ్మలు బాగా రాశారు బాబూ. అప్పట్లో ఆ ప్రారంభోత్సవం ఫోటోలో ఫోను చూసుకునే పన్నెండో ఆయన దగ్గర కూడా నవ్వలేక చచ్చాను."

ఆ మాటకు నేను లేచి నిలబడ్డాను. ఫోన్లో అవతలివాళ్ళకు అది కనిపించదని తర్వాత తట్టింది. ఆవిడకు ఎదురుగా ఉన్నా కనిపించదని ఇంకా తర్వాత తట్టింది. అయినా కూర్చోలేదు. మూడేళ్ళ తర్వాత వచ్చిన మొదటి మాట అది.

"చాలా థాంక్సండీ."

"పంతొమ్మిదో పేజీలో పట్టిక కూడా మీరే చేశారా?"

"నేనేనండీ," అన్నాను, ఇంకో పొగడ్తకు సిద్ధమై.

"అయితే నన్ను ఆరో అంతస్తు ఎక్కించింది మీరే."

కూర్చున్నాను.

ఆవిడ చెప్పింది ఇదీ. నలభై ఫ్లాట్ల జాబితాలోంచి ఎవరికి కావలసింది వాళ్ళు ఎంచుకుని, దాని నంబరు ఫారంలో రాయాలి. పట్టికలో ఒక్కో ఫ్లాటుకు ఒక్కో వరస. నంబరు, బ్లాకూ అంతస్తూ, లిఫ్టు. కంటితో చూస్తే అడ్డంగా చదువుకుంటాం. ఆవిడకు మాత్రం నిలువుగా చదివింది. ముందు నలభై నంబర్లు ఏకబిగిన. తర్వాత అంతస్తులన్నీ ఏకబిగిన. ఆ తర్వాత లిఫ్టు ఉంది, లిఫ్టు లేదు, లిఫ్టు ఉంది.

"నేనేం చేశాను? అగ్గిపుల్లలు వరసగా పెట్టుకుని లెక్కపెట్టాను. పదిహేడోసారి 'బి బ్లాకు, నేల అంతస్తు' అంది. నాకు కావలసింది అదే. మళ్ళీ వెనక్కెళ్ళి పదిహేడో నంబరు ఏదో విన్నాను. నూట నాలుగు. రాసిచ్చాను. పది రోజుల కిందట కాగితం వచ్చింది. నూట నాలుగు అంటే సి బ్లాకు, ఆరో అంతస్తట."

"లెక్కలో ఒకటి అటూ ఇటూ అయి ఉంటుందేమోనండీ..."

"నా లెక్కా? ముప్పై ఒక్కేళ్ళలో ఒక్క రాంగ్ నంబరు కలపలేదు నేను."

ఫైలు తెరిచాను. తొమ్మిదో వరసలో నంబరు ఉంది, అంతస్తు గడి ఖాళీగా ఉంది. ఆ ఫ్లాటును కాపలావాడి గదిగా మార్చి, అంతస్తు కొట్టేసి, నంబరు కొట్టేయడం మరిచిపోయారు. ఖాళీ గడిని స్క్రీన్ రీడర్ దాటేసింది. అక్కణ్ణుంచి అంతస్తులన్నీ ఒకటి పైకి జరిగాయి. ఆవిడ విన్న బి బ్లాకు నేల పద్దెనిమిదో ఫ్లాటుది. ఇక నంబరు చూసి అంతస్తు తెలుసుకుందామంటే, మా ఫ్లాట్లకు నంబర్లు వేసింది ఇంజనీరు కాదు, కమిటీ. నూట మూడు నేల మీద ఉంటుంది, నూట నాలుగు ఆకాశంలో ఉంటుంది.

"మీ లెక్క తప్పలేదమ్మా. మాదే తప్పు."

"ఆ ముక్క కాగితం మీద రాసివ్వండి. మిగిలిన ఫ్లాట్లకు శుక్రవారం చీటీలు తీస్తారటగా. అది ఇంకెవరికో పోతే నా కొంప మునుగుతుంది."

బి బ్లాకు నేల మీదే ఎందుకని అడిగాను.

"మా అన్నయ్య భార్యది అక్కడే వచ్చింది. అన్నయ్య పోయాక ఇరవై రెండేళ్ళుగా గోడకు ఇటు నేను, అటు మా వదిన. పొద్దున్నే టీ పెట్టి గోడ మీద రెండు దెబ్బలు కొడుతుంది. ఫారం తను నింపుతానంది. 'నా ఫారం నేను నింపుకోలేనా' అని నేనే ఎగిరాను. తీరా ఇట్లా అయిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను? గాలి బాగా వస్తుందని నేనే ఆరో అంతస్తు కోరుకున్నానని చెప్పాను."

"ఆవిడేమన్నారు?"

"'అయితే ఆ గాలితోనే కాపురం చెయ్యి' అంది. తొమ్మిది రోజులైంది. గోడ కొట్టడం లేదు."

ఫోను పెట్టేశాక ఆ ఫైలు చేసిన రోజు గుర్తు తెచ్చుకున్నాను. ఇరవై రెండు పేజీలు, ముప్పై ఒక్క బొమ్మ. పొద్దున్నుంచి బొమ్మల మీదే కూర్చున్నాను. ఒక్క వంటగది ఫోటోకే గంటన్నర పట్టింది, మాట కుదరక. పట్టిక దగ్గరికి వచ్చేసరికి ఐదుకు ఐదు నిమిషాలు. పట్టికను పట్టికగా గుర్తుపెట్టలేదు. శీర్షికలూ పెట్టలేదు. తనిఖీ నడిపితే పచ్చ టిక్కు వచ్చింది. బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయాను. ఆ మధ్యాహ్నమంతా నా ఒంటరితనం గురించి ఎవరికో చెప్పుకుంటూ, ఆ ఎవరినో తీసుకెళ్ళి ఆరో అంతస్తులో ఒంటరిగా కూర్చోబెట్టాను.

కేటాయింపు గుమాస్తా దగ్గరికి వెళ్ళాను. బల్ల మీద నాలుగు పెన్నులు, అన్నిటికీ మూతలు లేవు.

"ఫారం నింపినవాళ్ళదే బాధ్యత అని కింద రాసుంది గురూ."

"పట్టిక తప్పుగా చదువుతోంది. తప్పు నాది. రాసిస్తాను."

"నువ్వు రాసిస్తే సరిపోద్దా? శుక్రవారం చీటీలకు ముందు కమిటీ కూర్చుంటుంది. వాళ్ళ ముందు ఫైలు పెట్టి వినిపించు. కానీ వెబ్‌సైట్లో ఉన్న ఫైలే పెట్టాలి. అందులో ఒక్క చుక్క మార్చినా తారీఖు మారిపోద్ది. అప్పుడిక సాక్ష్యం చెల్లదు, నేనేం చెయ్యలేను."

నేను సరిగ్గా అదే చేయబోతున్నాను. బొమ్మల వెనక ఉన్నవన్నీ తుడిచేసి, పట్టికను మాత్రం అలాగే ఉంచి చూపిద్దామని. బుధవారం మధ్యాహ్నం ఫైలు తెరిచి మొదటి బొమ్మ మీద చేయి పెట్టాను కూడా. ముప్పై ఒక్క బొమ్మలు. మూడో పేజీలో మా సూపరింటెండెంటుగారి ఫోటో. సేవ్ చేయమంటావా అని కంప్యూటరు అడిగింది. వద్దని నొక్కి మూసేశాను. పేజీ నంబరు కొట్టి నేరుగా పంతొమ్మిదికి దూకేద్దాం, పై పద్దెనిమిది పేజీల జోలికి ఎవరు పోతారు అనుకున్నాను.

శుక్రవారం కమిటీ అంటే సూపరింటెండెంటుగారు, గుమాస్తా, అకౌంట్సావిడ, ఒక బిస్కెట్ల పళ్ళెం. ఆపరేటరమ్మ ముందే వచ్చి కూర్చుంది. ఒళ్ళో మడత కర్ర. మొహం తలుపు వైపు కాక స్పీకరు వైపు పెట్టుకుని ఉంది.

ముందు కాగితం మీద అచ్చేసిన పట్టిక చూశారు.

"రూళ్ళకర్రతో గీసినట్టుంది కదయ్యా. ఇందులో అర్థం కాకపోవడానికేముంది?" అన్నారు సూపరింటెండెంటుగారు.

"చూస్తే ఏమీ లేదు సార్. వినాలి," అన్నాను. పంతొమ్మిది కొట్టబోయాను.

"ఆగాగు. మొత్తం చదువుతుందా అది? మూడో పేజీలో నా ఫోటో ఉంది కదా, దానికేమంటుందో చూద్దాం. అక్కణ్ణుంచి పెట్టు."

"అది అవసరం లేదేమో సార్."

"పెట్టవయ్యా, మనకేం రైలు పోతోందా?"

పెట్టాను. స్క్రీన్ రీడర్‌కు అన్నిటికీ ఒకటే గొంతు. చావు కబురునూ, చొక్కా కొలతలనూ ఒకేలా చదువుతుంది.

"చిత్రం. సూపరింటెండెంటుగారు. ఫోటోకు ముందు కడుపు లోపలికి పీల్చారు. ఇంకా వదల్లేదు."

అకౌంట్సావిడకు దగ్గు వచ్చింది. కర్చీఫు తీసి దానిలో చాలాసేపు దగ్గింది. గుమాస్తా చేతిలో బిస్కెట్టు టీకీ నోటికీ మధ్య ఆగి, మెత్తబడి, కప్పులో పడింది.

"నేనేం పీల్చలేదు," అన్నారు సూపరింటెండెంటుగారు, పీల్చి ఉంచే. "ఊఁ, కానివ్వు."

ఆపుదామని చేయి చాచాను. "కానివ్వమన్నానా?" అన్నారు.

"చిత్రం. నవ్వుతున్న కుటుంబం. నలుగురూ నాలుగు వైపులు చూసి నవ్వుతున్నారు. ఒకరి నవ్వుతో ఒకరికి సంబంధం లేదు. చిత్రం. వంటగది. ఇద్దరు నిలబడేంత చోటు. రెండో మనిషి ఎవరో కొన్నవాళ్ళే చూసుకోవాలి. చిత్రం. భోజనాల బల్ల, నాలుగు కుర్చీలు. అందరూ తినేసి వెళ్ళినట్టున్నారు. పిలిస్తే నేనూ ముందే వచ్చేవాణ్ణి."

ఇక ఎవరూ దగ్గలేదు. నవ్వి ఉంటే బాగుండేది. గుమాస్తా మూడేళ్ళలో మొదటిసారి నా వైపు తిరిగి, నా చొక్కా, నా చేతులు, నా చెప్పులు వరసగా చూశాడు. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. అది పోయిన నెలది. యంత్రం మాత్రం ఆగలేదు. ఒక్కో గదిలోకీ వెళ్ళి, నేను అక్కడ పెట్టిన మాటను తీసి బల్ల మీద పెట్టి, పక్క గదిలోకి వెళ్ళింది. ఇరవై ఆరు బొమ్మలు అలా అయ్యాయి. పట్టిక వచ్చేసరికి నాకు ప్రాణం లేచి వచ్చింది.

నలభై నంబర్లు చదివింది. అంతస్తులు మొదలుపెట్టింది.

"ఆగాగు. ఇప్పుడు ఇది ఎన్నోది?" అన్నారు సూపరింటెండెంటుగారు.

గుమాస్తా వేళ్ళ కణుపుల మీద లెక్కపెడుతున్నాడు. "పదకొండు సార్. కాదు, పన్నెండు. మీరు మాట్లాడించారు, పోయింది."

"నువ్వు చెప్పమ్మా," అన్నారాయన ఆపరేటరమ్మతో.

"పద్నాలుగోది చదవబోతోంది. నేను పదిహేడో నంబరు చెబుతా, రాసుకోండి. నూట నాలుగు. పదిహేడో అంతస్తు చెబుతా. బి బ్లాకు, నేల. ఇక పెట్టండి."

పెట్టాను. పద్నాలుగు, పదిహేను, పదహారు. "బి బ్లాకు, నేల అంతస్తు" అంది యంత్రం. ముగ్గురూ కాగితం మీదికి వంగారు. నూట నాలుగు ఎదురుగా సి బ్లాకు, ఆరు అని ఉంది.

"కాగితం కరెక్టే కదా సార్," అన్నాడు గుమాస్తా, ఓడిపోవడం ఇష్టంలేక.

"ఆవిడకు మనం కాగితం ఇవ్వలేదు. ఇది ఇచ్చాం," అన్నాను. "తప్పు నాదే. సంతకం పెట్టి తెచ్చాను."

పద్దెనిమిదో ఫ్లాటు ఎవరూ తీసుకోలేదు, నీళ్ళ మోటారు గది దాని పక్కనే అని. అకౌంట్సావిడ దాన్ని చీటీల్లోంచి తీసి పక్కన పెట్టింది. ఆపరేటరమ్మ పేరు రాశారు. సూపరింటెండెంటుగారు ముద్ర వేసి, నన్ను మాత్రం ఆగమన్నారు.

"ఆ సొంత పైత్యమంతా ఈ సాయంత్రంలోగా తీసెయ్. పట్టిక సరిచెయ్. ఇకమీదట నీ ఫైళ్ళు పైకి పోయే ముందు గుమాస్తా మొత్తం వింటాడు." తర్వాత గొంతు తగ్గించి, "ఆ ఫోటో... నిజంగా తెలుస్తోందా?" అన్నారు.

"లేదు సార్."

బయట గుమాస్తా నా భుజం మీద చేయి వేశాడు. "ఏంటి గురూ, ఇంట్లో నీతో ఎవరూ మాట్లాడరా?" అంతలోనే అతని ఫోను మోగింది. "ఒక్క నిమిషం" అని వెళ్ళిపోయాడు.

ఆపరేటరమ్మను మెట్ల దాకా దింపాను. మోచెయ్యి పట్టుకోబోతే "నేనే మీది పట్టుకుంటా, అదీ పద్ధతి" అంది.

"ఇక రాయరా?"

"రాయనండీ. పట్టికలు చూసుకుంటాను."

"అదే మంచిది," అంది.

ఇంకేమైనా అంటుందేమోనని ఒక మెట్టు మీద ఆగాను. అనలేదు.

కింద మెట్టు దగ్గర ఆగి, "ఒక్క సాయం బాబూ. మా వదినకు మీరే ఫోన్ చేసి, ఆఫీసువాళ్ళే మార్చారని చెప్పండి. నేను వచ్చి అడిగానని మాత్రం అనకండి. నేను చేరేసరికి ముప్పావు గంట పడుతుంది. ఈలోపు చెప్పేయండి," అని నంబరు చెప్పింది. ఒక్కో అంకె చెప్పి ఆగి, నేను తిరిగి చెప్పాకే ఇంకోటి చెప్పింది.

నా బల్ల దగ్గరికి వచ్చి ముందు పట్టిక సరిచేశాను. రెండుసార్లు పూర్తిగా విన్నాను. నాలుగున్నరకు ఫోన్ చేశాను.

"ఆరో అంతస్తు మార్చి, మీ పక్కనే నేల మీద ఇచ్చామండీ," అన్నాను.

"గాలి కావాలన్న మనిషి కదా, నేల మీదికి ఎందుకు దిగింది?" అంది వదినగారు.

"ఆరో అంతస్తు ఖాళీ లేదండీ."

"ఇచ్చేశాక ఖాళీ ఎట్లా లేకుండా పోయింది? బాబూ, అబద్ధాలు చెప్పే ఉద్యోగమా నీది?"

"కాదండీ. పట్టికలు చేస్తాను."

"అదీ, గొంతులోనే తెలుస్తోంది. తనే వచ్చి అడిగింది కదూ?"

అంతలో అవతల తలుపు చప్పుడైంది.

"వచ్చావా మహాతల్లీ? గాలి చాలిందా?"

"ఎవరితో మాట్లాడుతున్నావు?"

"మీ ఆఫీసాయనతో. నీ కోసం అబద్ధం ఆడలేక నలిగిపోతున్నాడు పాపం."

"నేనేం ఆడమన్లేదు."

"ఆడమన్నావని నేనన్నానా? మోటారు గది పక్కదట కదా. రోజంతా బుర్రుమంటుంది."

"ఇరవై రెండేళ్ళు నిన్ను విన్నాను, అదొక లెక్కా?"

"అసలు ఆ ఫారం నన్ను నింపనిచ్చి ఉంటే..."

"నా లెక్క కరెక్టే! కమిటీయే ఒప్పుకుంది. కావాలంటే ఆయన్నడుగు."

ఎవరూ నన్ను అడగలేదు. రిసీవరు ఎక్కడో గట్టు మీద పెట్టినట్టున్నారు. మాటలు కాస్త దూరమయ్యాయి కానీ అన్నీ వినిపిస్తున్నాయి. వాళ్ళు పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు. ఎడం చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, కుడి చేత్తో బొమ్మల వెనక మాటలు ఒక్కోటీ తుడుస్తూ పోయాను.

ఐదింటికి గుమాస్తా తలుపులోంచి తొంగిచూశాడు. "ఎవరు గురూ లైన్లో?"

అరచేత్తో మౌత్‌పీసు మూసి, "పని మీద ఉన్నాను," అన్నాను.

అతను లైటు ఆర్పకుండా వెళ్ళిపోయాడు. అవతల, పెద్ద బీరువా ఎవరి ఇంట్లో పెట్టాలన్న గొడవ మొదలైంది. కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.